రాతి మీది పేర్లు, మన పేర్లు

సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక స్మారకం ఉంది. జనవరి 26, ఆగస్టు 15 వచ్చాయంటే రాష్ట్ర పెద్దలు ముందు అక్కడికి వెళ్తారు. పుష్పగుచ్ఛం ఉంచి, తల వంచి, ఆ తర్వాతే జెండా పండుగకు కదులుతారు. మరుసటి రోజు పత్రికలో ఫొటో వస్తుంది. ఫొటో కింద ఎవరు నివాళి అర్పించారో ఉంటుంది. ఎవరికి అర్పించారో, ఆ చనిపోయినవాళ్ల పేర్లేమిటో ఉండదు.

కథను, కవితను, పాటను విమర్శించడం మనకు అలవాటైంది. ఆదివాసీల గురించి ఎవరేం రాసినా, అందులో మనం ఎక్కడున్నాం, ఎలా ఉన్నాం అని అడుగుతున్నాం. స్మారకాన్ని మాత్రం అలా చదవడం లేదు. రాయి కనబడగానే చెప్పులు విడిచి దండం పెట్టి వచ్చేస్తున్నాం. దండం పెట్టడం తప్పు కాదు. కానీ స్మారకం కూడా ఒక రచనే. దాన్ని ఎవరో రాశారు, ఎవరి పేర్లో ఉంచారు, ఎవరి పేర్లో వదిలారు. కాబట్టి దాన్నీ ప్రశ్నించాలి. మేం ఇక్కడ మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం. రాతి మీద ఎవరి పేరుంది? ఆ పేరు వెనక ఊరు, జాతి, భాష తెలుస్తున్నాయా? ఆ పేరుగలవాళ్ల మనుషులు అక్కడికి వచ్చి ఏడవగలుగుతున్నారా?

కంటోన్మెంట్ ఊరు

ఈ ప్రశ్నలు సికింద్రాబాద్ నుంచే మొదలుపెట్టడానికి కారణముంది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన ఈ ఊరు బ్రిటిష్ సైన్యం కోసం పుట్టింది. రెండు వందల ఏళ్లుగా సైనికుల ఊరే. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు, 1914లో సికింద్రాబాద్ అశ్విక దళ బ్రిగేడ్ ఫ్రాన్స్ వెళ్లింది. అందులోని దక్కన్ హార్స్ రౌతులు 1916 జులై 14న సోమ్ యుద్ధంలో, హైవుడ్ దగ్గర జర్మన్ల మీదికి గుర్రాలు దూకించారు. ఆ యుద్ధ చరిత్రల్లో ఈ ఊరి పేరు అలా నిలిచిపోయింది. కానీ ఆ రౌతుల్లో ఎక్కువమంది సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు. దళానికి ఊరి పేరు పెట్టారు, చచ్చిపోయినవాళ్ల ఊళ్లు వేరే. స్మారకాల్లో మొదటి చిక్కు ఇదే. దళం పేరు మిగులుతుంది, మనిషి పుట్టిన గూడెం పేరు మిగలదు.

ఆ యుద్ధంలో ఆదివాసులు లేరా? ఉన్నారు. 1917లో దాదాపు 50 వేలమంది భారతీయ కూలీలను లేబర్ కోర్ పేరుతో ఫ్రాన్స్‌కు తీసుకెళ్లారు. వాళ్లలో ఛోటానాగపూర్ సంతాలులు, ముండాలు, ఉరావులు ఉన్నారు. ఈశాన్యం నుంచి నాగాలు, మిజోలు, ఖాసీలు ఉన్నారు. రోడ్లు వేశారు, చెట్లు నరికారు, సామాను మోశారు. చలికి, జబ్బులకు, బాంబులకు కొందరు అక్కడే చనిపోయారు. తుపాకీ పట్టలేదు కాబట్టి వీరుల లెక్కలో వాళ్లు ఎప్పుడూ వెనక వరసే.

తుపాకీ పట్టినవాళ్ల సంగతి చూస్తే అక్కడా వరసలున్నాయి. ఇరాక్‌లోని బస్రాలో బ్రిటిష్ సామ్రాజ్యం కట్టిన స్మారకం మీద బ్రిటిష్ సిపాయి పేరు కూడా చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లే చెక్కారు. మిగతా 33 వేలకు పైగా భారతీయ సిపాయిలు అంకెలుగా మిగిలారు. ఫలానా పటాలం, ఇంతమంది, అంతే. హోదా, జాతి తేడా లేకుండా అందరినీ ఒకేలా గుర్తుంచుకుంటాం అన్నది ఆ సమాధులను చూసే సంస్థ పెట్టుకున్న నియమం. 2021లో ఆ సంస్థే వేసిన కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. 45 వేల నుంచి 54 వేలమందిని అసమానంగా గుర్తుంచుకున్నారని, కనీసం 1,16,000 మంది పేర్లు ఎక్కడా చెక్కలేదని అందులో ఒప్పుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, ఆసియా మనుషులు. నియమం పుస్తకంలో ఉంది, రాతి మీదికి రాలేదు. అటవీ హక్కుల చట్టం చేతిలో పెట్టుకుని పట్టా కోసం తిరిగే మనకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

సూర్యాపేట విగ్రహం పక్కన

మన కాలానికి వద్దాం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. 2021లో సూర్యాపేట కూడలిలో ఆయన విగ్రహం పెట్టారు. ఒక చిన్న పట్టణం తన బిడ్డను అలా గుర్తుంచుకోవడం న్యాయమైన పని. దాన్ని తక్కువ చేసే మాట మేం అనం.

కానీ ఆ కల్నల్ నడిపిన 16 బిహార్ పటాలంలో ఆ రాత్రి ఆయనతోపాటు చనిపోయినవాళ్ల పేర్లు చూడండి. నుదురామ్ సోరెన్, ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా. చనిపోయాక వీర చక్ర ఇచ్చారు. గణేశ్ హాంస్దా, జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్. రాజేశ్ ఓరాంగ్, పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్. సోరెన్, హాంస్దా అనేవి సంతాలుల గోత్రనామాలు. ఓరాంగ్ అంటే ఉరావు. ఇంటిపేరు వినగానే మనవాళ్లని మనకు తెలుస్తుంది. మన బడిపిల్లల్లో ఎంతమందికి ఈ పేర్లు తెలుసు? కల్నల్ పేరు ప్రశ్నపత్రంలో వస్తుంది కాబట్టి తెలుసు. ఆయన మాట మీద ముందుకు నడిచిన సంతాలు సుబేదారు పేరు ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు.

ఆల్బర్ట్ ఎక్కా కథా అంతే. ఆయన గుమ్లా జిల్లా జారీ గ్రామపు ఉరావు. 1971 డిసెంబరు 3, 4 తేదీల్లో గంగాసాగర్ యుద్ధంలో శత్రువుల మెషిన్‌గన్ బంకర్ల మీదికి దూకి చనిపోయాడు. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. రాంచీలో ఆయన పేరున పెద్ద కూడలి ఉంది. ఉరావుల కుడుఖ్ భాష ద్రావిడ భాష. అంటే గోండీకి, కువికి, కోయకు, తెలుగుకు చుట్టం. ఈ ముక్క మన తెలుగు వాచకాల్లో పాఠంగా ఉంటే, ఉట్నూరులోనో పాడేరులోనో కూర్చున్న పిల్లవాడికి ఆల్బర్ట్ ఎక్కా ఎక్కడో ఉత్తరాది సైనికుడిలా కాక చుట్టంలా అనిపిస్తాడు.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం ఈ విషయంలో ఒక మెట్టు పైనే ఉంది. స్వాతంత్ర్యం తర్వాత చనిపోయిన 25 వేలకు పైగా సైనికుల పేర్లు అక్కడ గ్రానైట్ పలకల మీద చెక్కారు. జనరల్ పేరు ఎంత ఉంటుందో జవాను పేరూ అంతే ఉంటుంది. ఇది మెచ్చుకోవలసిన పని. అయితే పేరును చదివి, దాని వెనక ఊరును చూపించే మనిషి లేకపోతే సోరెన్ అనే అక్షరాలు అక్షరాలుగానే ఉండిపోతాయి.

ఆ మనిషి ఉంటే ఏమవుతుందో పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం చూపిస్తుంది. దాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది తమ ఊరినుంచి వెళ్లారని అక్కడివాళ్లు లెక్క చెప్తారు. స్మారకం కట్టుకున్నారు. దాదాపు ఇంటింటా సైనికుడి ఫొటో ఉంటుంది. ఫలానా తాత ఫలానా దేశంలో పోయాడని మనవడు చెప్తాడు. అక్కడ పేర్లను కాపాడింది రాయి ఒక్కటే కాదు, ఇంట్లో చెప్పుకోవడం. మన గూడేల్లోనూ చెప్పుకోవడం ఉంది. కానీ ఆ చెప్పుకున్నది బడిదాకా రావడం లేదు.

ఇంద్రవెల్లి రాయి

ఇంతవరకు ప్రభుత్వ యూనిఫాం వేసుకుని చనిపోయినవాళ్ల మాట. మన చావుల్లో రెండో రకం కూడా ఉంది. అది ప్రభుత్వ తుపాకీకి ఎదురుగా నిలబడి చనిపోయినవాళ్ల మాట.

1981 ఏప్రిల్ 20. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి. సంత రోజు. భూముల కోసం గిరిజన రైతు కూలీ సంఘం పిలిచిన సభకు గోండులు కదిలారు. సభకు అనుమతి లేదన్నారు, పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. హక్కుల సంఘాలు, ఊళ్లవాళ్లు చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. చనిపోయినవాళ్ల సంఖ్య మీదే రెండు మాటలున్నప్పుడు పేర్ల జాబితా ఎలా ఉంటుంది? తర్వాత అక్కడ స్తూపం కట్టారు. 1986లో దాన్ని పేల్చివేశారు. ఆందోళనలు జరిగాక మళ్లీ కట్టారు. చాలా ఏళ్లు ఏప్రిల్ 20 వస్తే అక్కడ 144 సెక్షన్ పెట్టేవారు. చనిపోయినవాడి చెల్లెలు, కొడుకు ఆ రాయి దగ్గరికి వెళ్లాలంటే పోలీసులను దాటుకుని వెళ్లాలి. 2024 ఫిబ్రవరి 2న రాష్ట్ర ముఖ్యమంత్రి ఇంద్రవెల్లి వచ్చి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. నాలుగు దశాబ్దాలకు ఆ మాట మారింది.

మా మూడో ప్రశ్న ఇక్కడ బలంగా వస్తుంది. సికింద్రాబాద్‌లో నివాళికి పోలీసులు వందనం చేస్తారు. ఇంద్రవెల్లిలో నివాళికి అన్నేళ్లూ పోలీసులు అడ్డం నిలబడ్డారు. రెండు చోట్లా చనిపోయింది ఈ దేశపు మనుషులే.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టకూడదని కొందరు మిత్రులు అంటారు. సైనికుడు దేశం కోసం చనిపోయాడు, ఉద్యమకారుడు ప్రభుత్వం మీద తిరగబడి చనిపోయాడు, రెండూ ఒకటెలా అవుతాయని ఒకవైపు వాళ్ల ప్రశ్న. మనల్ని కాల్చిన చేతులు వేసుకున్న యూనిఫాంకు మనం ఎందుకు దండం పెట్టాలని ఇంకోవైపు వాళ్ల ప్రశ్న. రెండు ప్రశ్నలూ తేలిగ్గా తీసేసేవి కావు. కానీ మన ఇళ్లలోకి చూస్తే ఈ గీత అంత సూటిగా కనబడదు. 2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సర్కేగూడలో భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని 2019లో బయటికొచ్చిన న్యాయ విచారణ నివేదిక చెప్పింది. 2023 ఏప్రిల్ 26న దంతేవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర మందుపాతర పేలి 10 మంది డీఆర్‌జీ జవాన్లు, వాళ్ల వాహనం డ్రైవరు చనిపోయారు. డీఆర్‌జీలో చేరేది ఎక్కువగా ఆ అడవి పిల్లలే. అటు చనిపోయినవాడు, ఇటు చనిపోయినవాడు ఒకే సంతకు వెళ్లినవాళ్లు, ఒకే భాషలో తల్లిని పిలిచినవాళ్లు. ఎవరి పక్షం న్యాయమైనదో తేల్చే వాదన వేరుగా చేద్దాం, గట్టిగానే చేద్దాం. కానీ ఏ తల్లి ఎక్కడ ఏడవాలో ఆ వాదన తేలేదాకా ఆపకూడదు.

సికింద్రాబాద్ కూడా ఈ చిక్కును చూసింది. 2022 జూన్ 17న అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా రైల్వేస్టేషన్‌లో యువకుల ఆందోళన హింసగా మారింది. రైళ్లకు నిప్పు పెట్టారు. కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడొకరు చనిపోయాడు. సైన్యంలో చేరాలని ఏళ్ల తరబడి సిద్ధమైన పిల్లవాడు అతను. స్టేషన్‌కూ, పరేడ్ గ్రౌండ్స్‌కూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. సైనికుడిగా చనిపోయి ఉంటే స్మారకం దగ్గర వందనం దక్కేది. సైనికుడు కావాలని అడుగుతూ చనిపోయాడు. మన గురుకులాల నుంచి 1,600 మీటర్ల పరుగుకు తయారవుతున్న తమ్ముళ్లు ఈ సంగతి కూడా తెలుసుకుని పరుగెత్తాలని మా కోరిక.

మనవాళ్లు ఎలా గుర్తుంచుకున్నారు

స్మారకం ఎలా ఉండాలో మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. మనకు మన పద్ధతులున్నాయి. సవరలు గువార్ జరిపి చనిపోయినవాళ్లకు రాయి పాతుతారు. వంశంవాళ్ల రాళ్లన్నీ ఒకచోట ఉంటాయి. కోయల్లో, బస్తర్ మారియాల్లో నిలువురాళ్లున్నాయి. వాటి మీద అక్షరం ఉండదు. ఏ రాయి ఎవరిదో ఊరికి తెలుసు. పెద్ద హోదా ఉన్నవాడికే రాయి, లేనివాడికి అంకె అనే పద్ధతి ఆ రాళ్ల మధ్య లేదు.

అన్నిటికన్నా పెద్దది మేడారం. తెలుగు నేల మీద యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం జరిగే అతి పెద్ద స్మరణ మేడారం జాతరే అని మేం అనుకుంటాం. కాకతీయుల సైన్యంతో పోరాడిన సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, గోవిందరాజు, జంపన్నల కోసం రెండేళ్లకోసారి లక్షల జనం కదులుతారు. అక్కడ విగ్రహం లేదు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి వస్తారు. సమ్మక్క చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణెగా దిగుతుంది. జంపన్న పడిన వాగే జంపన్నవాగు. ప్రతి పేరుకూ ఒక ఊరుంది, ఒక దారి ఉంది, ఆ దారిన మోసుకొచ్చే కోయ వడ్డెలున్నారు. మా మూడు ప్రశ్నలకూ అక్కడ జవాబు దొరుకుతుంది. పేరుంది, ఊరుంది, వచ్చి ఏడ్చే హక్కు, మొక్కే హక్కు అందరికీ ఉంది. ఓడిపోయిన యుద్ధమే అయినా అన్ని వందల ఏళ్లు నిలిచింది.

కొమురం భీం విషయంలోనూ గోండులు అదే చేశారు. 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన భీం వర్ధంతిని ఆశ్వయుజ పౌర్ణమినాడు జరుపుకుంటారు. ప్రభుత్వ కాగితం మీది తేదీ మీద కాకుండా నిండు చంద్రుడి మీద లెక్క పెట్టుకున్నారు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం 2012లో వచ్చింది, జోడేఘాట్‌లో మ్యూజియం ఆ తర్వాత వచ్చింది. అప్పటిదాకా భీంను పాట మోసింది. అయితే ఇక్కడ ఒక మాట మనకు మనం చెప్పుకోవాలి. భీంతోపాటు ఆ రోజు పడినవాళ్ల పేర్లు మనలో ఎంతమందిమి చెప్పగలం? విగ్రహం ఒక్కడిదే అయినప్పుడు మనమూ మిగతావాళ్లను వెనక వరసలోకి నెట్టేస్తున్నాం. సూర్యాపేటను అడిగిన ప్రశ్న జోడేఘాట్‌నూ అడగాలి.

బడిలో ఒక పుస్తకం

విమర్శ రాసి ఊరుకుంటే లాభం లేదు. టీచర్లకు ఒక పని చెప్తున్నాం. మీ బడిలో ఒక పెద్ద నోటు పుస్తకం పెట్టండి. గూడెంనుంచి యుద్ధానికి, పోలీసు కొలువుకు, ఉద్యమానికి వెళ్లి తిరిగిరానివాళ్ల పేర్లు అందులో పిల్లలతోనే రాయించండి. పేరు, ఇంట్లో పిలిచే పేరు, గోత్రం లేదా సగ, ఊరు, ఏ ఏడు, ఎక్కడ, ఎలా. చివరి గడిలో ఈ సంగతి చెప్పిన పెద్దమనిషి పేరు. పెద్దలకు ఏడాది గుర్తుండకపోతే ఏ వాన, ఏ పంట, ఏ జాతర అని అడిగి రాయించండి. తల్లి చెప్పిన మాట ఆమె భాషలోనే తెలుగు లిపిలో రాయించండి. ఎటువైపు చనిపోయాడన్నది దాచొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి. భయం ఉన్నచోట పుస్తకం ఇంట్లోనే ఉండనివ్వండి, కానీ రాయడం మానొద్దు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవంనాడు డ్యాన్సులకు ముందు పది నిమిషాలు ఆ పేర్లు చదివించండి.

ఆరు రోజుల తర్వాత ఆగస్టు 15 వస్తుంది. సికింద్రాబాద్‌లో పుష్పగుచ్ఛం ఉంచుతారు. ఆ రోజు మన తమ్ముడొకడు టీవీ ముందు కూర్చుని, ఆ నివాళి ఎవరికో తన పుస్తకం తెరిచి నలుగురి పేర్లు పైకి చదివితే చాలు. నుదురామ్ సోరెన్, ఆల్బర్ట్ ఎక్కా పేర్ల పక్కన తన గూడెం పేర్లూ ఉంటాయి. పుస్తకం నిండితే ఇంకొకటి మొదలుపెట్టండి. మొదటిదాన్ని చెదలు పట్టకుండా పదిలంగా దాచండి.